కుండీ కొలత, నీటి లెక్క

ఎండాకాలం చివరకు వచ్చేసరికి మార్కాపురం, గిద్దలూరు, కంభం పరిసరాల సోదరీమణుల నుంచి ఈ శీర్షికకు అందే ప్రశ్నల్లో ఒకటి ఏటా ఇంచుమించు ఒకే రూపంలో ఉంటుంది. రోజూ తప్పకుండా నీళ్లు పోశాను, పశువుల ఎరువూ వేశాను, అయినా మిరప పూత రాల్చేసింది, పుదీనా మాడిపోయింది, నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ ఒక్కటీ మిగలలేదు, ఏ మందు వాడాలి? మందు పేరు అడిగేవారే గాని, ఆ మొక్క ఎంత కుండీలో ఉన్నదో రాసేవారు అరుదు. మొక్క చావు బతుకులు చాలావరకు తేలిపోయేది ఆ కొలత దగ్గరే. కనుక ఈ నెల మందుల ప్రస్తావన మానుకొని, కుండీ పరిమాణం గురించే మాట్లాడుకుందాం.

నేలలో ఉన్న మొక్కకు ఒక స్వేచ్ఛ ఉంటుంది. పైమట్టి ఎండితే వేరు లోతుకు దిగుతుంది, ఒక పక్క తడి లేకపోతే మరో పక్కకు పాకుతుంది. కుండీలోని మొక్కకు ఆ వెసులుబాటు లేదు. మనం ఎంత మట్టి ఇచ్చామో అదే దాని పొలం, అందులో ఎంత నీరు నిలిచిందో అదే దాని చెరువు. పశ్చిమ ప్రకాశంలో నివసించేవారికి చెరువు ఉపమానం కొత్తగా చెప్పనక్కర్లేదు. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. చెరువు తవ్వించినవారు మళ్లీ వాన ఎప్పుడు వస్తుందో, అంతవరకు ఎంత నీరు కావాలో లెక్కవేసుకొనే కట్ట ఎత్తును నిర్ణయించుకొంటారు. కుండీ కొనేటప్పుడు మనం వేసుకోవలసిన లెక్క కూడా అదే: మళ్లీ నీళ్లు పోసే వేళ వరకు ఈ కుండీ మొక్కను పోషించగలదా?

ఈ ప్రశ్న కోస్తా మండలాల్లో అంత కఠినమైనది కాదు. గాలిలో తేమ ఉంటుంది, కుళాయి తిప్పితే నీరూ వస్తుంది. నల్లమల తూర్పు అంచున ఉన్న మన ఊళ్ల సంగతి వేరు. వెలిగొండ నీటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రాంతమిది. వేసవి ముదిరితే బోర్లు అడుగంటుతాయి, వీధికి ట్యాంకరు వచ్చిన రోజే నీళ్ల రోజు. ఆ నీటిని బిందెలతో మిద్దె మీదికి మోసేది ఇంటి ఆడవారే. అటువంటి ఇంట్లో మొక్కకు పోసే ప్రతి చెంబూ ఒకరి శ్రమ. ఆ శ్రమ వృథా కాకూడదు.

లెక్క కొంచెం వివరంగా చూద్దాం. 8 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు గల కుండీలో దాదాపు 6 లీటర్ల మట్టి పడుతుంది. 12 అంగుళాల కుండీలో 21 లీటర్లు పడుతుంది. కంటికి నాలుగంగుళాల తేడాగా కనిపించేది మట్టిలో మూడు రెట్లకు పైగా తేడా అవుతుంది, ఎందుకంటే వెడల్పు అన్ని దిక్కులా పెరుగుతుంది, దానికి తోడు ఎత్తూ పెరుగుతుంది. నర్సరీలో ఎనిమిదంగుళాలది చాలుననుకొని, కొంత డబ్బు మిగిలిందని సంతోషించేవారు గమనించవలసినది ఇదే.

చక్కగా కలిపిన కుండీ మట్టి తన పరిమాణంలో మూడో వంతు వరకు నీటిని పట్టి ఉంచుతుంది. అందులోనూ వేళ్లు సులభంగా పీల్చుకోగలిగేది సగమే. మిగతాది మట్టి రేణువులకు గట్టిగా అంటుకొని ఉంటుంది. ఆ లెక్కన 6 లీటర్ల మట్టి మొక్కకు ఇవ్వగలిగేది ఒక లీటరు నీరు. 20 లీటర్ల మట్టి మూడు లీటర్లకు పైగా ఇస్తుంది. 40 లీటర్లది ఆరేడు లీటర్లు ఇస్తుంది. మే నెలలో మిద్దె మీద కాపుకొచ్చిన టమాట మొక్క రోజుకు సుమారు రెండు లీటర్లు తాగుతుంది. చిన్న కుండీలో ఫజ్ర్ తర్వాత పోసిన నీరు జుహ్ర్ వేళకే అయిపోతుంది. అసలైన ఎండంతా మొక్క దాహంతోనే గడుపుతుంది. సాయంత్రం మళ్లీ నీళ్లు పోస్తే ఆకులు నిలబడతాయి గనుక మనకు తేడా తెలియదు, కాని ప్రతి మధ్యాహ్నమూ వాడి లేచే మొక్క పూతను నిలుపుకోలేదు. పూత రాలడానికి కారణం పురుగో తెగులో అనుకొని మందు కొట్టేది ఇటువంటప్పుడే. అదే మొక్క 20 లీటర్ల కుండీలో ఉంటే ఒక రోజు దాటి మరునాటి ఉదయం వరకు తట్టుకొంటుంది. 40 లీటర్లదైతే రెండు రాత్రులు బంధువుల ఇంటికి వెళ్లి వచ్చినా బతికి ఉంటుంది.

దీనిపై శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన కూడా ఉన్నది. జర్మనీలో పనిచేసిన హెండ్రిక్ పూర్టర్, ఆయన సహచరులు అప్పటికే జరిగిన 65 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి 2012లో ప్రచురించారు. కుండీ పరిమాణం రెట్టింపు చేస్తే మొక్క మొత్తం బరువు సగటున 43 శాతం పెరిగిందని వారు తేల్చారు. విత్తనం, వెలుతురు ఎంత మేలైనవైనా కుండీ ఇరుకైతే మొక్క పూర్తిగా ఎదగదన్నమాట.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన ప్రాంతంలో మిద్దె మీద నలభై చిన్న కుండీలు పేర్చడం కంటే పన్నెండు పెద్ద కుండీలు పెట్టుకోవడం మేలు. నలభై ఎనిమిదంగుళాల కుండీల్లో పట్టే మట్టి, పన్నెండు పన్నెండంగుళాల కుండీల్లో పట్టే మట్టి ఇంచుమించు సమానమే, రెండూ 250 లీటర్ల చుట్టూ ఉంటాయి. ఎండకూ గాలికీ తెరచి ఉన్న పైభాగం మాత్రం పెద్ద కుండీలకు మూడింట రెండు వంతులే. పక్క గోడల విస్తీర్ణమూ అంతే. అంటే ఎండ కాల్చే మేర మూడో వంతు తగ్గుతుంది. చిన్న కుండీల వరుస చూడటానికి నిండుగా ఉంటుందన్నది నిజమే. ఏప్రిల్ రెండో వారం దాటాక ఆ నిండుదనం ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు.

ఇక, ఎన్ని కుండీలు పెట్టుకోవాలి? నీరు ఎంత ఉన్నదో దాన్ని బట్టి. ప్రతి ముస్లిం ఇంట్లో మొక్కలకు పనికివచ్చే ఒక నీటి వనరు ఐదు పూటలా మోరీ పాలవుతూ ఉంటుంది. అది వుజూ నీరు. అందులో సబ్బు ఉండదు, జిడ్డు ఉండదు. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో, అనగా సుమారు ముప్పావు లీటరుతో, వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మనం కుళాయి కింద చేస్తే అంతకు కొన్ని రెట్లు పోతుంది. చెంబుతో, ఒక వెడల్పాటి బేసిను మీద చేసే అలవాటు చేసుకొని, ఒక్కొక్కరూ పూటకు ఒక్క లీటరుతో సరిపెట్టుకొన్నా, నలుగురున్న ఇంట్లో రోజుకు 20 లీటర్లు పోగవుతుంది. కాపులో ఉన్న పది పెద్ద మొక్కలకు మండువేసవిలో ఒక రోజు సరిపోయే నీరది. పదికి మించి పెట్టుకోదలచినవారు ఆ అదనపు నీరు ఎక్కడిదో ముందే ఆలోచించుకోవాలి.

లీటర్ల లెక్క అనగానే కొందరికి చిక్కుగా తోస్తుంది. మన ఊళ్లలో దానికి మంచి కొలబద్ద ఉన్నది. భూగర్భజలంలో ఫ్లోరైడు కారణంగా తాగునీటిని క్యానుల్లో కొనుక్కోవలసిన పరిస్థితి మనది. ఆ 20 లీటర్ల క్యానును కంటితో గుర్తుపెట్టుకోండి. కూరగాయ మొక్క ఒక్కటికి కనీసం ఒక క్యాను మట్టి, తీగ జాతికి రెండు మూడు క్యానులు, పండ్ల చెట్టుకు నాలుగు నుంచి ఎనిమిది. పగిలి పక్కన పడేసిన క్యాను దొరికితే దాని పైభాగం కోసి, అడుగున నాలుగైదు రంధ్రాలు చేసి వాడుకోవచ్చు. అయితే వెలుతురు లోపలికి చొరబడితే పాచి పడుతుంది, వేళ్లు గోడ దగ్గరకు రావు. బయట సున్నం గాని తెల్ల రంగు గాని దట్టంగా పూయాలి, లేదా గోనెపట్టా చుట్టాలి. పెయింటు బకెట్లు కూడా ఇంచుమించు ఇదే కొలతకు వస్తాయి, శుభ్రంగా కడిగితే చాలు. నూనె డబ్బాలు పనికివస్తాయి గాని రేకు త్వరగా కాగుతుంది, తుప్పు పడుతుంది. పురుగుమందు డబ్బాలను మాత్రం ఎంత కడిగినా తినే మొక్కలకు వాడకండి.

గ్రోబ్యాగుల కొలతలో ఒక మెలిక ఉన్నది. కొన్ని సంచులకు రాసే వెడల్పు, నింపిన తర్వాత గుండ్రంగా తేలే వెడల్పు. మరికొన్నింటికి, ముఖ్యంగా నర్సరీవారు వాడే పలుచని నల్ల సంచులకు, రాసేది బల్లపరుపుగా పరచినప్పటి వెడల్పు. పరచినప్పుడు 12 అంగుళాలున్న సంచి మట్టి నింపాక ఏడున్నర అంగుళాల కుండీ అవుతుంది. పన్నెండంగుళాలదని కొన్న సంచిలో పచ్చిమిర్చి ఎందుకు ఎదగలేదో అప్పుడు అర్థమవుతుంది. కొనేముందు నోరు తెరచి అడ్డంగా టేపు పెట్టి చూడండి. వీలుకాకపోతే సంచి చుట్టుకొలతను మూడుతో భాగించండి, అసలు వెడల్పు ఇంచుమించు తెలుస్తుంది.

ఇప్పుడు మొక్కల వారీగా చూద్దాం. పుదీనా వేళ్లు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. కనుక దానికి 6 నుంచి 8 అంగుళాల లోతు, వీలైనంత వెడల్పు ఉన్న తొట్టి కావాలి. పాత ప్లాస్టిక్ టబ్బు దానికి రాజభవనం. మధ్యాహ్నం నీడ పడే చోట ఉంచాలి. మెంతికూరకు ఐదారు అంగుళాల లోతు చాలు. కొత్తిమీరకు తల్లివేరు ఉంటుంది గనుక ఎనిమిదంగుళాలు ఇవ్వండి. మండుటెండల్లో మాత్రం ఎంత పెద్ద తొట్టి ఇచ్చినా కొత్తిమీర ఆకు వేయక పూతకు పోతుంది. అది కుండీ లోపం కాదు, కాలం. తోటకూర, పాలకూరలకు ఎనిమిది నుంచి పది అంగుళాల లోతు సరిపోతుంది. గోంగూర కోసిన కొద్దీ చిగురించాలంటే పన్నెండు కావాలి. ఇఫ్తారు షర్బతులో వేసుకొనే సబ్జా గింజల మొక్కకు పదంగుళాల కుండీ చాలు.

పచ్చిమిర్చి, టమాట, వంకాయలకు 12 అంగుళాలు కనీసం. మార్కాపురం ఎండలో 15 అంగుళాలైతే నిశ్చింత. ఒక కుండీకి ఒకే మొక్క. నారు చిన్నగా ఉన్నప్పుడు కుండీ బోసిగా కనిపిస్తుందని మూడు నాలుగు మొక్కలు నాటుతారు. అలా చేస్తే 20 లీటర్ల కుండీ కొని ఒక్కొక్క మొక్కకు ఐదు లీటర్ల కుండీ ఇచ్చినట్లే. బీర, కాకర, సొర తీగలకు 18 అంగుళాల సంచి ఉండాలి. వాటి ఆకు విస్తారం, దాహమూ విస్తారమే. వేసవిలో తీగలు పెట్టకపోవడమే తెలివైన పని, తొలకరి తర్వాత పెట్టుకోవచ్చు.

గోరింటాకు గురించి ఎవరూ అడగరు గాని నేను చెబుతాను. ఎండకు ఓర్చుకోవడంలో దానికి సాటి వచ్చే మిద్దె మొక్కలు కొద్ది. 15 నుంచి 18 అంగుళాల కుండీలో ఒక కొమ్మ నాటి, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. పండుగ ముందు రాత్రి ఇంట్లోని ఆడపిల్లల అరచేతులకు సరిపడా ఆకు ఇస్తుంది. బజారులో దొరికే, ఏమి కలిపారో తెలియని కోనుల అవసరం తప్పుతుంది. మల్లెకు 14, గులాబీకి 12 అంగుళాలు ఉండాలి, గులాబీకి వెడల్పు కంటే లోతు ముఖ్యం. దానిమ్మ, నిమ్మ అంట్లకు చివరకు 20 నుంచి 24 అంగుళాల తొట్టి అవసరమవుతుంది. అంజీర వీటికి భిన్నం. దానికి మరీ విశాలమైన చోటు ఇస్తే ఆకు, కొమ్మ పెంచుకొంటూ కాపు వెనకబడుతుంది, వేళ్లు కొంత ఇరుకున ఉంటేనే బాగా కాస్తుంది. 18 అంగుళాల తొట్టిలో ఆపవచ్చు. మునగను మాత్రం కుండీలో పెట్టి బాధపెట్టకండి, పెరట్లో రెండడుగుల నేల ఉంటే అక్కడ నాటండి.

ఇంతవరకు చదివి, అన్ని మొక్కలనూ తెచ్చి ఒకేసారి పెద్ద కుండీల్లో పెట్టేస్తే సరిపోతుందనుకోకండి. నెమ్మదిగా పెరిగే మొక్కకు అది హాని చేస్తుంది. జానెడు కరివేపాకు మొక్కను రెండడుగుల తొట్టిలో నాటామనుకోండి. దాని వేళ్లు నాలుగంగుళాల మేర మాత్రమే ఉంటాయి. చుట్టూ ఉన్న మట్టిలోని నీటిని పీల్చేవారు లేరు. ఆ మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి, గాలి ఆడక పులుస్తుంది. వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. అప్పుడు వేరు కుళ్లుతుంది, ఆకులు వాడతాయి. వాడిన ఆకును చూసి ఇంకా నీళ్లు పోస్తాం. కలబంద చాలా ఇళ్లలో చనిపోయేది ఇలాగే. దానికి ఎనిమిదంగుళాల వెడల్పాటి కుండీ చాలు, పిలకలు పెట్టి కుండీ నిండాక వేరు చేసుకోవాలి. కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, గులాబీ వంటి వాటికి ఒక్కసారికి రెండంగుళాలు, మహా అయితే నాలుగంగుళాలు పెంచుతూ పోవాలి. పాత మట్టిగడ్డ చుట్టూ రెండు వేళ్లు పట్టేంత కొత్త మట్టి, అదీ కొలత. మిరప, టమాటల వంటి త్వరగా పెరిగే వార్షిక మొక్కలకు ఈ మెట్లు అవసరం లేదు. నారు నేరుగా పెద్ద కుండీలో పెట్టి, మొదటి పక్షం రోజులు మొదలు చుట్టూ మాత్రమే తడపాలి.

వాడిన మొక్కకు దాహమో, కుళ్లో తెలుసుకోవడానికి వేలు రెండు కణుపుల మేర మట్టిలో దించండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కూడా ఆకు వాలితే వేళ్లు చెడుతున్నాయి, నీళ్లు ఆపి నీడకు మార్చండి. చిన్న కుండీని ఎత్తి చూసినా బరువే చెబుతుంది.

అడుగున రాళ్లు పరచడం గురించి కూడా చెప్పాలి. దేశంలోని బడిపిల్లల చేతులకు పలకలందించిన ఊరు మార్కాపురం. పలక ముక్కలకు మనకు కొదువ లేదు. నీరు బాగా దిగుతుందని వాటిని రెండు మూడంగుళాల మందాన కుండీ అడుగున పరిచేవారున్నారు. అది మేలు చేయదు. పోసిన నీరంతా కారిపోయాక కూడా మట్టి అడుగుభాగంలో కొంత ఎత్తు వరకు చెమ్మ నిండుగా నిలుస్తుంది. ఆ ఎత్తు మట్టి స్వభావాన్ని బట్టి ఉంటుంది గాని కుండీ లోతును బట్టి కాదు. కింద రాళ్లు పరిస్తే ఆ తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, అంటే వేళ్లకు మరింత దగ్గరవుతుంది. పైగా మూడంగుళాల మట్టి కోల్పోయాం. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క చాలు. పలక ముక్కలను కుండీ కింద మూడు వైపులా కాళ్లలాగా పెట్టండి. నీరు సులభంగా కారుతుంది, మిద్దె గచ్చు వేడి నేరుగా తగలదు. లోతు తక్కువ కుండీలు అడుగున ఎక్కువ చెమ్మగా ఉండటానికీ ఇదే కారణం. నాలుగంగుళాల తొట్టిలో రెండంగుళాల తడి పొర సగం ఆక్రమిస్తుంది, పన్నెండంగుళాల కుండీలో ఆరో వంతే.

మట్టి కలయిక విషయం క్లుప్తంగా. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు గాని వడ్ల ఊక గాని ఒక పాలు. నల్లరేగడి ఒక్కటే నింపితే ఎండకు కుండీ గోడను వదిలి పగుళ్లిస్తుంది, పోసిన నీరు ఆ పగుళ్ల వెంట కారిపోతుంది. పైన రెండంగుళాలు ఖాళీ వదిలి, అందులో ఒక అంగుళం మేర వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది.

మన నీటి స్వభావం కూడా కుండీ కొలతతో ముడిపడి ఉన్నది. ఫ్లోరైడు అధికంగా ఉండే బోరు నీటిలో సాధారణంగా క్షారగుణం, సోడియం లవణాలు కూడా హెచ్చుగా ఉంటాయి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మట్టిలో మిగులుతుంది. మట్టి కుండీ అంచున తెల్లగా పేరుకొనేది అదే. చిన్న కుండీలో ఈ ఉప్పు వేగంగా చిక్కబడుతుంది, పెద్ద కుండీలో నిదానంగా. మల్లె, గులాబీ, కరివేపాకు లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారితే, మట్టి క్షారమై మొక్కకు ఇనుము అందడం లేదని గ్రహించాలి. ఎరువు పెంచినందువల్ల అది పోదు. నెలకొకసారి అడుగు రంధ్రం నుంచి ధారగా కారేంత నీరు పోసి ఉప్పును కడిగివేయాలి. వానాకాలంలో కుండీలను చూరు కింది నుంచి జరిపి వాన కింద పెడితే ఆ పని ఉచితంగా జరుగుతుంది. పన్నెండంగుళాల కుండీకి ఏడాదికి రెండుసార్లు చెంచాడు జిప్సం కలిపితే మట్టి గట్టిపడదు. ఒక హెచ్చరిక: నీటిని శుద్ధి చేసే యంత్రం నుంచి బయటికి పోయే వ్యర్థ జలాన్ని కుండీలకు పోయకండి. బోరు నీటిలోని లవణాలు, ఫ్లోరైడు మరింత చిక్కబడి అందులో ఉంటాయి. దానితో మరుగుదొడ్డి కడగవచ్చు, గచ్చు తుడవవచ్చు.

మట్టి కుండీయా, ప్లాస్టిక్కా అన్నది తరచూ వచ్చే సందేహం. మట్టి గోడ శ్వాసిస్తుంది, లోపలి వేరు చల్లగా ఉంటుంది, కాని గోడ గుండా నీరు ఆవిరవుతుంది. కనుక మట్టి కుండీ తీసుకొంటే ప్లాస్టిక్ కంటే ఒక కొలత పెద్దది తీసుకోండి. నల్ల ప్లాస్టిక్ నీటిని కాపాడుతుంది గాని పడమటి ఎండకు లోపలి మట్టిని కాల్చేస్తుంది. మట్టి వేడి 40 డిగ్రీలు దాటితే వేరు పని మానుకొంటుంది, నీరున్నా తాగలేదు. గోడకు సున్నం పూయడం, చిన్న కుండీలను తూర్పు వైపు చేర్చి పడమట పెద్దవాటిని అడ్డుగా నిలపడం, ఏప్రిల్, మే నెలల్లో నీడవల కట్టడం, ఇవే ఉపాయాలు. మెడ సన్నగా, పొట్ట లావుగా ఉన్న కూజాలు, పాత నీళ్ల కుండలు ముచ్చటగా ఉన్నా మొక్కలకు వద్దు. రెండేళ్ల తర్వాత మొక్కను బయటికి తీయాలంటే కుండను పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

అటువంటి నీళ్ల కుండలకు మరో మంచి ఉపయోగం ఉన్నది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో, అప్పటి ఇష్బీలియాలో, నివసించిన ఇబ్నుల్ అవ్వామ్ తన 'కితాబుల్ ఫిలాహా' అనే వ్యవసాయ గ్రంథంలో నీరు నింపిన కుండలను వేళ్ల దగ్గర పాతిపెట్టి కొద్దికొద్దిగా తడి అందించే పద్ధతిని వివరించాడు. చైనాలో ఇంతకు వెయ్యేళ్ల ముందే ఇటువంటిది ఉండేది. లోపలా బయటా మెరుగు పూయని చిన్న మట్టి ముంతను 18 అంగుళాల తొట్టి మధ్యలో మెడ వరకు పాతి, నీరు నింపి, మూత పెట్టండి. మట్టి ఎండిన కొద్దీ ముంత గోడ గుండా నీరు ఊరుతుంది, తడిగా ఉంటే ఊరదు. పైమట్టి పొడిగా ఉంటుంది గనుక ఆవిరి తక్కువ. ఇది చిన్న కుండీలో కుదరదు, ముంతే సగం చోటు తీసుకొంటుంది. పెద్ద తొట్టి పెట్టుకోవడానికి ఇదొక అదనపు కారణం.

పెద్దవాటి వల్ల వచ్చే చిక్కు బరువు. తడిసిన మట్టి లీటరుకు కిలోన్నరకు పైనే తూగుతుంది. 20 లీటర్ల కుండీ 30 కిలోలు దాటుతుంది, 18 అంగుళాల తొట్టి 110 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే కాంక్రీటు పైకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు లెక్కవేసి కట్టాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కనుక పెద్ద తొట్లను మిద్దె నడుమ గుంపుగా పెట్టకూడదు. గోడల మీదుగా, దూలాల మీదుగా, అంచుల వెంట దూరదూరంగా పెట్టాలి. పాత నాపబండల మిద్దెల మీద పండ్ల తొట్లు అసలు పెట్టకండి, వాటిని ముంగిట్లోనే ఉంచండి. ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకొన్న తర్వాతే మట్టి నింపండి. నింపిన తొట్టిని జరపబోయి నడుము పట్టేసినవారున్నారు.

కుండీ మార్చే కాలం తొలకరి పడి ఎండ చల్లబడ్డాక, జూన్ చివర నుంచి ఆగస్టు వరకు. చలి తగ్గి ఎండ ముదరక ముందు, ఫిబ్రవరి తొలి పక్షం కూడా మంచిదే. ఏప్రిల్, మేలలో మొక్కను కదిలించవద్దు. పోసిన నీరు క్షణంలో అడుగు నుంచి కారిపోవడం, రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి రావడం, ఉదయం తడిపినా సాయంత్రానికి వాలిపోవడం మొక్క ఇరుకున పడ్డదనడానికి గుర్తులు. ఇంతకంటే పెద్ద కుండీ పెట్టే చోటు లేకపోతే అదే కుండీలో కొనసాగించే మార్గమూ ఉన్నది. మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసి, చుట్టూ, అడుగున అంగుళంన్నర మేర వేళ్లను పదునైన కత్తితో కోసివేసి, పైన కొమ్మలను కూడా మూడో వంతు తగ్గించి, కొత్త మట్టి ఎరువుతో అదే కుండీలో తిరిగి నాటి, వారం రోజులు నీడలో ఉంచాలి. కరివేపాకు, గోరింటాకు, అంజీర, దానిమ్మ దీన్ని బాగా తట్టుకొంటాయి. రెండు మూడేళ్లకొకసారి చేస్తే చాలు.